దేవదానం పేరుతో తాగిన నీళ్ళు

రాజంపేట నుంచి పత్తికొండ దాకా వెళ్ళి వచ్చాను. దారిలో గుత్తి కోట ఉంది, కర్నూలు బురుజు ఉంది, పేరున్న గుళ్ళు ఉన్నాయి. వాటి గురించి తెలుసుకోవాలనుకునేవారికి ఇది పనికిరాదు. వాటి ముందు నుంచే పోయాను గాని తల ఎత్తి చూడలేదు. నేను రాసిన ఒక జాబును వెనక్కి తీసుకోవడానికి వెళ్ళాను.

యుద్ధం చివరి ఏడాది ఆసుపత్రి మంచం మీద పడుకుని రాసిన జాబు అది. బర్మా కొండల మీదుగా గాయపడినవాళ్ళను విమానంలో దాటించిన ఎస్తేరమ్మ అనే నర్సు మీద అందులో అబద్ధం రాశాను. ఆ జాబును ఆమె ఊరి చర్చిలో అందరి ముందు చదివారు. చదివిన రోజు నుంచి ఆమెను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం అందరూ ముందుకు పోతే ఆమె గడప దగ్గరే కూర్చోవాలి. ఈ సంగతి నాకు ఏడాది కిందటే తెలుసు. తెలిసీ కదల్లేదు. కాలు నొప్పి అనుకున్నాను, మగ్గం మీద చీర ఉందనుకున్నాను. కిందటి నెల కర్నూలు నుంచి ఒక కార్డు వచ్చింది. "ఎస్తేరు సిస్టరుకు యాడా పని దొరకలేదు. కారణం నీకు తెలుసు." కింద మహబూబ్ అని సంతకం. యుద్ధంలో నా పక్క గుడారంలో కట్లు కట్టినవాడు.

రాజంపేట

నా పేరు ఓబయ్య. మాది నేత ఇల్లు. యుద్ధంలో నూలు దొరక్క మగ్గం మూలపడితే, నలభైకి దగ్గరపడిన వయసులో పట్టాళంలో చేరాను. రాత వచ్చు గనుక గాయపడినవాళ్ళ గుడారంలో చీటీలు రాసే పని ఇచ్చారు. ప్రతి మనిషి చొక్కా గుండీకి ఒక అట్టచీటీ కట్టేవాళ్ళం. పేరు, నంబరు, గాయం ఎక్కడ, ఏ సూది వేశారు, ఈ విమానంలో పోవాలా తర్వాతి దాంట్లోనా, అన్నీ దాని మీదే. డాక్టరు చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. మోసేవాళ్ళు మనిషిని చూడరు, చీటీని చూస్తారు.

బయలుదేరే ముందురోజు నా భార్య సుబ్బమ్మకు మొత్తం చెప్పాను. ఆమె విని, లేచిపోయి రాగిపిండి తీసింది. తెల్లవారి సద్దిమూటలో రెండు సంగటి ముద్దలు, నంజుకోవడానికి ఊరుబిండి కట్టి చేతికిచ్చింది.

"నిజం చెప్పేకి పోతాండావా, తన్నులు తినేకి పోతాండావా?"

"రెండూ కావచ్చు."

"నీ కోసరం ఒకసారి గాజులు తీసినా. రెండోసారి తీయించొద్దు."

అది మాటవరసకు అన్నది కాదు. నేను చనిపోయానని ఆమెకు నిజంగానే తంతి వచ్చింది. పొరపాటు జరిగిందని రెండో తంతి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఆమె విధవ. చీటీలు తారుమారయ్యాయని ఇంతకాలం ఆమెకూ చెప్పాను. వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూనే పోయాను. ఆమె గడప దాటి రాలేదు.

కడప మీదుగా గుంతకల్లుకు

కడప స్టేషనులో కాఫీ అణా. చక్కెర రేషనులో పోయింది గనుక బెల్లంతో ఇచ్చారు. మూడో తరగతి పెట్టె వేరుశనగకాయ మూటలతో, మనుషులతో కిక్కిరిసి ఉంది. నేను కుంటుతూ ఎక్కడం చూసి ఎర్రగుంట్ల పోయే రైతు ఒకాయన అడిగాడు.

"కాలికేమైందప్పా?"

"యుద్ధంలో తగిలింది."

"బర్మాలోనా? అట్లయితే ఈడ కూకో, కిటికీ కాడ." ఆయనే లేచి నిలబడి, పక్కవాళ్ళను గద్దించాడు. "జరగండప్పా, రక్తం కార్చొచ్చిన మనిషి!"

వద్దన్నాను, వినలేదు. ఎర్రగుంట్ల దాకా ఆయన మూటల మధ్య నిలబడ్డాడు, నేను కూర్చున్నాను. మళ్ళీ ఇంకొకరి చోటే. అసలు జరిగింది ఇక్కడే చెప్పేస్తాను. తర్వాత చెప్పాలంటే ధైర్యం చాలకపోవచ్చు.

అడవిని నరికి చదును చేసిన మైదానంలో డకోటా విమానాలు దిగేవి. వచ్చేటప్పుడు బియ్యం, మందుగుండు తెచ్చేవి. పోయేటప్పుడు గాయపడినవాళ్ళను తీసుకుపోయేవి. మందుగుండు మోసే విమానం గనుక దాని మీద ఎర్రసిలువ గుర్తు వేయరు. శత్రువు కంటికి అదీ సామాను విమానమే. ఇంజన్లు ఆపకుండా ఎక్కించాలి. లోపల గోడ పట్టీలకు మూడు వరసల్లో స్ట్రెచ్చర్లు వేలాడదీస్తారు. ఆ పనికి ఎక్కువగా మగ సిపాయిలే వచ్చేవారు. ఆడవాళ్ళలో నేను చూసింది ఎస్తేరమ్మను ఒక్కదాన్నే. పద్దెనిమిది స్ట్రెచ్చర్లకు ఆమె ఒక్కతే. కూర్చోవడానికి ఖాళీ బిస్కెట్ల పెట్టె, భుజాన సంచి, ఒక నీళ్ళ ఫ్లాస్కు. రొమ్ము గాయమైనవాడికి పైన ఊపిరాడదని, పైలటు దగ్గరికి పోయి, కొండల సందున కిందుగా పోనిమ్మని గొడవపడేదని చెప్పుకునేవారు.

ఆ రోజు నాకు పిక్కలో ఇనుపముక్క దిగి రెండు రోజులైంది. కట్టె పట్టుకుని నడవగలిగేవాణ్ణి. నా చీటీ మీద "తర్వాతి విమానం" అని నేనే రాసుకున్నాను. పక్క స్ట్రెచ్చరు మీద దేవదానం. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, కడుపులో గాయం. ఈ రోజే పోయి కోత పడితే బతుకుతాడని డాక్టరు అన్నాడు. పొద్దున ఎస్తేరమ్మ వచ్చి అతణ్ణి పలకరించింది. ఇద్దరిదీ పత్తికొండ దగ్గర ఒకే ఊరు. "సాయంత్రానికి బంగాళంలో ఉంటావు, ఏడవాకు" అంది. మధ్యాహ్నం గుండ్లు దగ్గర పడటం మొదలైంది. మళ్ళీ విమానం దిగదని ఎవరో అన్నారు. దేవదానం సూది మత్తులో ఉన్నాడు. అతని గుండీకి ఉన్న చీటీ విప్పి నా గుండీకి కట్టుకున్నాను. నాది అతనికి కట్టాను. ఖాళీ స్ట్రెచ్చరు మీద పడుకుని, అందరిలాగే దుమ్ముకు తడిబట్ట మొహం మీద కప్పుకున్నాను. ఆ రోజు తర్వాతి విమానం రాలేదు. మరుసటి పొద్దుకు దేవదానం చనిపోయాడు, నా పేరుతో.

నేను చనిపోయానని మా ఇంటికి, దేవదానం ఆసుపత్రిలో క్షేమమని వాళ్ళింటికి తంతులు పోయాయి. తప్పు బయటపడ్డాక అతని తండ్రి యోసేపు ఆసుపత్రికి జాబు రాయించాడు, నా కొడుకు ఎందుకు రాలేదని. అతని పక్కన ఉన్నవాణ్ణని, జవాబు రాయమని ఆసుపత్రివాళ్ళు నన్నే అడిగారు. "మీ ఊరి నర్సమ్మే ఒక తెల్లసోల్జరుకు చోటివ్వాలని మీవాణ్ణి దింపించింది, ఆ హడావుడిలో చీటీలు తారుమారు చేసింది" అని రాశాను. ఆ విమానంలో తెల్లవాడే లేడు. యోసేపు తిరుగు జాబు రాశాడు. చర్చిలో చదివామని, ఆమెను బల్లకు దూరం పెట్టామని, నిజం రాసినందుకు దేవుడు నన్ను చల్లగా చూడాలని.

కర్నూలు

గుంతకల్లులో చిన్న రైలుకు మారి, ద్రోణాచలం మీదుగా శుక్రవారం సాయంత్రానికి కర్నూలు చేరాను. తుంగభద్ర ఎండి, ఇసుకలో దోసపాదులు పెట్టారు. మహబూబ్ ఇప్పుడు ఊళ్ళో ఒక ఆసుపత్రిలో కట్లు కట్టే డ్రెస్సరు. ఏటి ఒడ్డున దోసకాయ కోసి ఉప్పూకారం చల్లి నా చేతిలో పెట్టాడు.

"ఏమప్పా, రాజంపేట నుంచి ఈడికి వచ్చేకి ఏడాది పట్టెనే! విమానం మాత్రం శానా తొందరగా ఎక్కితివి."

"నీకు తెలుసా?"

"పొద్దున కట్టె పట్టుకుని నడిచినోడు, మధ్యాన్నం స్ట్రెచ్చరు మీద పాయె. నేనేమన్నా గుడ్డోన్నా?"

"మరి చెప్పలేదేం?"

"బతికొచ్చినోన్ని పట్టిస్తే సచ్చినోడు లేచొస్తాడా అనుకుంటి. ఆయమ్మ సంగతి నాకి మొన్ననే తెలిసె." దోసకాయ తొక్క ఏట్లోకి విసిరాడు. "విను. ఈడ ఒక మిషను ఆసుపత్రిలో ఆయమ్మకు చోటు పెట్టినారు. వాళ్ళ పాస్టరు జాబు కావాల, ఈమె సంఘంలో మంచిగా ఉండాదని. సోమవారం దాకా చూస్తారంట, తర్వాత వేరేవాళ్ళకి ఇస్తారు. బల్లకి దూరం పెట్టినామెకి పాస్టరు జాబెట్ల ఇస్తాడు? నెలకొకసారే బల్ల ఆదివారం. అది ఎల్లుండే."

ఆ రాత్రి వాళ్ళింట్లో జొన్నరొట్టె, గురెళ్ళ గింజల కారప్పొడి పెట్టారు. మా కడప వైపు సంగటి తిన్న నోటికి రొట్టె గట్టిగా తోచింది.

బొగ్గు బస్సు

పెట్రోలు లేక బస్సులు ఇంకా బొగ్గుతోనే నడుస్తున్నాయి. వెనక పీపాలాంటి పొయ్యి, దాంట్లో బొగ్గు, దాన్ని విసరడానికి ఒక చక్రం. ఎత్తు వస్తే మనుషులు దిగి తోయాలి. కోడుమూరులో బస్సు ఆగితే అణాన్నర పెట్టి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. మా వైపు బొరుగులు పిల్లల చిరుతిండి. ఇక్కడ పెద్దవాళ్ళు పొద్దున్నే కడుపు నింపుకునేది వాటితోనే.

నా పక్కన పత్తికొండ పత్తి దలాలి కూర్చున్నాడు. నేను పోయే ఊరి పేరు వినగానే ఉత్సాహం వచ్చింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను.

"ఆ ఊర్లోనేనప్పా, విమానమెక్కిన నర్సు ఉండేది! దుడ్లు తీసుకుని తెల్లోన్ని ఎక్కించి, సొంతూరి పిల్లోన్ని కిందికి తోసేసెనంట."

"తోసిందని ఎవరు చెప్పారు?"

"పక్కన పండుకున్నోడే జాబు రాసెనంట! కండ్లారా చూసినోడు."

దుడ్ల సంగతి నేను రాయలేదు, తోయడమూ రాయలేదు. నా జాబు నాకంటే బాగా నడుస్తోంది. "ఆ రాసినవాణ్ణి నేనే" అనబోయాను. నోరు తెరిచాను కూడా. అంతలో దేవనకొండ దగ్గర బస్సు ఆగిపోయింది. పొయ్యి జాలీ విరిగింది. బాగుచేసేవాడు వచ్చేదాకా కదలదని, రేపటికి గాని పోదేమోనని డ్రైవరు అన్నాడు. దలాలి చెట్టునీడకు పోయి కండువా పరుచుకున్నాడు. ఆపుకోలేని ఒక సంతోషం నాలో లేచింది. ఆదివారం దాటిపోతే తప్పు నాది కాదు గదా అని. ఆ ఆలోచన వచ్చాక నా మీద నాకే భయం వేసింది. కాలు ఈడ్చుకుంటూ పోయి ఎద్దులబండి ఒకదాన్ని ఆపాను. వేరుశనగ చెక్క మూటల మీద కూర్చుని, పొద్దుగూకాక పత్తికొండ సత్రం చేరాను.

ఆదివారం

తెల్లవారుజామున నడక మొదలుపెట్టాను. మూడు క్రోసులు. యోసేపు ఇల్లు అడిగితే బండల మిద్దె ఒకటి చూపించారు. ముసలాయన తెల్లపంచె కట్టుకుని చర్చికి సిద్ధంగా ఉన్నాడు. "రాజంపేట ఓబయ్యను, మీకు జాబు రాసినవాణ్ణి" అన్నాను.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఆయన నన్ను కావలించుకున్నాడు. ఆయన భార్య మరియమ్మ లోపల్నుంచి పరుగున వచ్చి, రెండు చేతులతో నా మొహం తడిమింది.

"నా కొడుకును కడాకు చూసిన కండ్లు ఇవి. ఏమేమన్యాడు నాయనా? నన్ను అడిగినాడా?" నా జవాబు కోసం చూడకుండానే లోపలికి పోయి రొట్టె తెచ్చింది. "మా ఇంట్ల తింటావో లేదో..."

మా వాళ్ళు ఆ ఇళ్ళలో తినరు. నేను రొట్టె అందుకున్నాను. తుంచలేదు. చేతిలో పట్టుకునే మొత్తం చెప్పాను, చీటీ విప్పడం దగ్గర్నుంచి.

మరియమ్మ నేల మీద కూలబడింది. దేవదానం తమ్ముడు బండి గూటం చేతిలోకి తీసుకున్నాడు. నేను కదల్లేదు. ధైర్యం వల్ల కాదు, కాలు మొద్దుబారింది. యోసేపు కొడుకు మణికట్టు పట్టుకున్నాడు.

"కింద పెట్టు. గంట కొడతాండారు." నా వైపు తిరిగాడు. ఆ గొంతులో ఇందాకటి మనిషి లేడు. "నీ జాబు నమ్మి ఆ పిల్ల మీద ఫిర్యాదు చెప్పింది నేను. నడువు."

చర్చి కూడా బండలదే, లోపల చాపలు. గడప పక్కన ఒక్కతే కూర్చుని ఉంది ఎస్తేరమ్మ. ఒకసారి నా వైపు చూసి తల దించుకుంది. పాస్టరు అయ్యగారు నా మాట విని చాలాసేపు గడ్డం రుద్దుకున్నారు.

"సంఘం కాని మనిషి సంఘం ముందర నిలబడి సాక్ష్యం చెప్పేది మాకు లేదప్పా. ఏ పొద్దూ లేదు."

యోసేపు అడ్డం వచ్చాడు.

"అప్పుడూ ఈయప్ప నిలబడలేదు గదా అయ్యగారూ. జాబు చదివినాము. జాబుతో పోయింది జాబుతోనే రావాల. ఇప్పుడే రాయమను. నేను ఈడనే నిలుస్తా."

మెట్టు మీద కూర్చుని, అయ్యగారు ఇచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాశాను. లోపల పాట మొదలైంది. నాలుగు వాక్యాలు రాసి యోసేపుకు చదివి వినిపించాను. "ఎస్తేరమ్మ తప్పేమీ లేదు. హడావుడిలో చీటీలు తారుమారయ్యాయి..."

"ఆపు. చీటీలకు కాళ్ళుండాయా, అవే లేచిపోయి మారేకి?"

రెండు వందల యాభై మైళ్ళకు పైగా వచ్చి, కడపటి మెట్టు మీద కూడా నా చెయ్యి నన్నే కాపాడబోయింది. ఆ కాగితం చించి ఇంకోటి రాశాను. "నేను విప్పాను. నేను కట్టుకున్నాను. బతకాలని చేశాను. మీ కొడుకు మత్తులో ఉన్నాడు. తెల్లవాడెవడూ లేడు. ఎస్తేరమ్మ మీద రాసిన ప్రతి మాటా నేను పుట్టించింది." ఈసారి యోసేపు వినలేకపోయాడు. సగంలోనే చెయ్యెత్తి ఆపి, కాగితం తీసుకుని లోపలికి పోయాడు.

గడప బయట నిలబడి నా మాటలు అయ్యగారి గొంతులో విన్నాను. ముగిశాక ఆయన అడిగారు. "ఎస్తేరూ, నిజమేనా?"

ఆమె లేచి నిలబడింది.

"నిజమే. ఒకటి మాత్రం ఆయప్ప రాయలేదు, ఆయప్పకు తెలీదు గాబట్టి. తప్పు నాది కూడా ఉండాది. పొద్దున దేవదానంతో మాట్లాడినదాన్ని, ఎక్కించేటప్పుడు మొకం మీద బట్ట తీసి చూడాల. చీటీ చూసి పట్టీ బిగించేస్తి. విమానం లేచినాక 'దేవదానం, నీళ్ళు తాగప్పా' అంటి. 'ఊ' అనె. బట్ట అంచు ఎత్తి తాగించినాక, పూరా తీస్తే వేరే మొకం. వెనక్కి తిప్పమని పైలటు కాళ్ళు పట్టుకుంటి, తిప్పనీకి కాలేదు. మర్సటి దినం మొదటి విమానంలో నేనే పోతిని. పూడ్చేసినారు. సమాధి చెక్క మీద వేరే పేరుంటే, తీయించి దేవదానం పేరు రాయించి వస్తి."

ఆ "ఊ" నాకు గుర్తుంది. తాగగానే నిద్ర పట్టేసింది గనుక, ఇన్నాళ్ళూ ఆమెకు తెలియదనుకున్నాను.

మరియమ్మ ఆడవాళ్ళ చాప మీద నుంచి అడిగింది. "ఏడాది పొడుగూ గడప కాడ కూకుంటివే. మాకెందుకు చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్పేది పెద్దమ్మా? చోటు లేక నిల్చిపోయినాడు అనుకుంటే ఎట్లనో తట్టుకుంటావు. వచ్చేవాడే, రావాల్సినోడే అని తెలిస్తే నువ్వు బతుకుతావా?"

మరియమ్మ చాప మీద పక్కకు జరిగింది. అర చాప ఖాళీ చేసి అరచేత్తో తట్టింది. ఎస్తేరమ్మ గడప దగ్గర్నుంచి లేచి, మనుషుల మధ్య నుంచి నడిచి పోయి అక్కడ కూర్చుంది. బల్ల దగ్గరికి ఇద్దరూ కలిసే పోయారు. నేను అంతవరకే చూశాను.

ఆరాధన అయ్యాక యోసేపు బయటికి వచ్చాడు. పాత జాబు ఇస్తే చించేస్తానని అడిగాను. ఆయన బైబిలు తెరిచి పాతదాని పక్కనే కొత్తది పెట్టి మూసేశాడు.

"రెండూ ఉండనీ. నా కొడుకు కడపటి దినం మీద రాసినవి ఇవే ఉండాయి." బైబిలు చంకలో పెట్టుకున్నాడు. "నిన్ను క్షమించినా అని చెప్పలేను. నోరు రాదు. మా చిన్నోడు చేను నుంచి తిరిగొచ్చే లోపల ఊరు దాటు."

తిరుగు దారి

సోమవారం తెల్లవారకముందే పత్తికొండలో బొగ్గు బస్సు పొయ్యి రాజేస్తున్నారు. ఎస్తేరమ్మ రేకు పెట్టెతో వచ్చింది. అయ్యగారి జాబు జాకెట్టులో పెట్టుకుంది. మధ్యాహ్నానికి కర్నూలు చేరితే పని ఆమెదే. దారిలో రెండుసార్లు దిగి తోయాల్సి వచ్చింది. కాలు కుంటినా నేనూ తోశాను. ఎవరూ వద్దనలేదు, ఎవరూ చోటివ్వలేదు. దేవనకొండ దాటాక ఎండ ముదిరింది. బస్సు ఆగి బొగ్గు వేసుకుంటోంది. ఆమె ముందు సీటు నుంచి లేచి నా దగ్గరికి వచ్చింది. చేతిలో అదే ఫ్లాస్కు, మూత దగ్గర సొట్ట కూడా అలాగే ఉంది. వెంటనే ఇవ్వలేదు. నిలబడి నా మొహం తేరిపార చూసింది.

"నీ పేరేమి?"

ఆమెకు తెలుసు. నిన్న చర్చిలో చదివారు. అయినా అడిగింది.

"ఓబయ్య."

మూతలోకి నీళ్ళు వంచి నా చేతికిచ్చింది.

"ఓబయ్యా, నీళ్ళు తాగు."